సీతారావమ్మ గారి పొన్నగంటి

"గోపాలరావు గారూ, ఈ పువ్వుకి కాడ ఉందా, లేదా? మీరు చూసి చెప్పండి."

జనవరి ఎండలో, సిడ్నీ శివారు కెల్లీవిల్‌లోని తన ఇంటి పెరట్లో నన్ను నిలబెట్టి హనుమయ్య గారు అడిగిన ప్రశ్న ఇది. ఫోన్ చేసి అర్జెంటుగా రమ్మంటే ఏ గుండెనొప్పో అనుకున్నాను. ఇంట్లో తిరిగే స్లిప్పర్లతోనే రెండు వీధులు దాటి పడుతూ లేస్తూ వచ్చాను. తీరా చూస్తే ఆకుకూర మడి. డెబ్భై దాటినవాణ్ణి ఇందుకా పరుగెత్తించింది అని ఒళ్లు మండింది నాకు.

"ఉంది. నా చిటికెన వేలంత కాడ, దాని కొసన తెల్లటి చిన్న బంతి. అయితే ఏమిటంట?" అన్నాను.

"సరిగ్గా చూడండి. ఆకు మొదట్లో అతుక్కుని ఉందా? కాడ మీద నిలబడి ఉందా?"

"కాడ మీదేనండీ బాబూ. శుక్లాలు మీ కళ్లలో ఉన్నాయి, నా కళ్లలో కాదు."

ఆయన మొక్క మీదికి వంగారు. జేబులోంచి భూతద్దం తీసి, దాన్ని వాడకుండానే మళ్లీ జేబులో పెట్టేశారు. తర్వాత తెల్ల పైజమాతోనే ఆ మడి పక్కన మట్టిలో కూలబడ్డారు.

"అయితే ఇది పొన్నగంటి కాదు" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. నేను తెనాలి కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరై, మా అమ్మాయి దగ్గరికి ఈ దేశం వచ్చి పదేళ్లవుతోంది. వచ్చిన వారం రోజులకే ఆయన భార్య సీతారావమ్మ గారు మా ఇంటికి స్టీలు గిన్నెలో పొన్నగంటి పప్పు పంపించారు. ఆ పప్పు నాలిక్కి తగలకపోతే నేను అప్పుడే టికెట్ మార్పించుకుని వెనక్కి వెళ్లిపోయేవాణ్ణి. పదేళ్లుగా తింటున్న కూరని పట్టుకుని ఇది కాదంటే ఏం చెప్పను? భార్య పోయిన మనిషి, ఏదో పలవరిస్తున్నారనుకున్నాను.

కానీ ఆయన పలవరించే మనిషి కాదు. బాపట్ల దగ్గర పల్లెటూళ్లో పుట్టి, వాల్తేరులో బోటనీ చదివి, డెబ్భైల చివర్లో సిడ్నీ వచ్చారు. ఎండబెట్టిన మొక్కల్ని కాగితాలకి అతికించి, పేరు రాసి, బీరువాల్లో దాచే సంస్థ ఒకటి ఉంటే అందులో ముప్పై ఏళ్ల పైన గడ్డి జాతుల మీద పనిచేశారు. ఎక్కడో ఎర్రమట్టి నేలల్లో దొరికిన ఒక గడ్డికి తోటి శాస్త్రవేత్తలు ఆయన పేరే పెట్టారు. ఆ సంగతి ఆయనెప్పుడూ చెప్పుకోరు కాబట్టి నేనే అందరికీ చెబుతుంటాను. రోడ్డు పక్కన కనిపించిన మొక్కని ఇదేమిటండీ అని అడిగితే, "పువ్వు లేదు కదా, చెప్పను" అనేవారు. ఆకులు మోసం చేస్తాయట. పువ్వు చూడకుండా పేరు పెట్టేవాడు బోటనిస్టు కాదు, జ్యోతిష్కుడు అనేవారు. పార్కుకి వాకింగ్‌కి వెళితే ఈయనతో పెద్ద చిరాకు.

అలాంటి మనిషి మట్టిలో కూర్చుని, "నా జన్మలో ఒకే ఒక్కసారి ఆకు చూసి పేరు చెప్పానండీ" అన్నారు.

నేను కూడా పక్కన కూర్చున్నాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి.

దంపతులిద్దరూ ఈ దేశం వచ్చిన కొత్తల్లో ఆవిడకి ఓ కాన్పు పోయింది. ఆ తర్వాత మరొకటి. రెండోసారి ఆస్పత్రి నుంచి వచ్చాక సీతారావమ్మ గారు నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడలేదట. మనసు మళ్లుతుందని ఓ ఆదివారం ఈయన ఆవిణ్ణి నగరానికి అవతలి కొసన ఓ నది ఒడ్డుకి తీసుకెళ్లారు. అక్కడ, నీళ్ల అంచున, ఒత్తుగా పచ్చటి ఆకు. ఆవిడ చటుక్కున వంగి చిగురు తుంచి, "ఏవండీ, పొన్నగంటి! మన పొన్నగంటే!" అని నవ్విందట.

"అది నవ్వి ఎన్నాళ్లయిందో మీకు తెలియదు. నా వైపు చూసి అవునా కాదా అంది. పువ్వు లేదు. కాదని ఎలా అనను? అవునన్నాను. ఆ కాడలే తెచ్చి పెరట్లో నాటుకుంది."

"అనుమానం రాలేదా మరి?"

"వచ్చింది. పూత రానీ, అప్పుడు చూద్దాం అనుకున్నాను. పూత రాలేదు."

ఎందుకు రాలేదో నాకు తెలుసు. సీతారావమ్మ గారు ప్రతి శనివారం ఓ పీట వేసుకు కూర్చుని మడంతా గిల్లేవారు. పొన్నగంటి ముదరకూడదు, ముదిరితే పీచెక్కుతుంది. ఆకుకూర వండుకునే ఏ ఇల్లాలైనా చేసే పనే అది. ఆవిడ వేళ్లు ఆ మొక్కని ఇన్నేళ్లూ మొగ్గ తొడగనివ్వలేదు. కిందటి మార్చిలో ఆవిడ పోయారు. గిల్లేవాళ్లు లేరు. చలికాలం వెళ్లి ఎండలు వచ్చేసరికి మడంతా తెల్లగా పూసింది.

"ఓ కుండీ పక్కన పెట్టి, గిల్లకుండా వదిలేస్తే నెలలో తేలిపోయేది. నేను పెట్టలేదు" అన్నారు హనుమయ్య గారు. ఆ మాట అంటూ నా వైపు చూడలేదు.

"పోనీలెండి, ఇది కాకపోతే మరొకటి. తిన్నవాళ్లెవరూ చావలేదు కదా?"

"లేవండి, చూపిస్తాను" అని చేతికర్ర తీసుకున్నారు.

మా ఇళ్ల వెనక క్రీకు, అంటే చిన్న వాగు, ఉంది. వాన నీరంతా డ్రెయిన్లలోంచి వచ్చి ముందు ఓ కుంటలో చేరి, అక్కడి నుంచి క్రీకులో పడుతుంది. ఆరు నెలల నుంచీ నేను అటు వెళ్లలేదు. వెళ్లేసరికి కుంట కనిపించలేదు. చక్కటి పచ్చిక మైదానం ఉంది. ఇక్కడి మునిసిపాలిటీ, కౌన్సిల్ వాళ్లు పూడ్చి లాన్ వేశారేమో అనుకున్నాను. ఓ నల్లటి నీటికోడి దాని మీద తాపీగా అడుగులు వేసుకుంటూ ఇటునుంచి అటు నడిచి వెళ్లింది.

నేను ఓ అడుగు ముందుకు వేయబోతే హనుమయ్య గారు నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు.

"అది నేల కాదు."

చేతికర్ర దాని మీద ఆన్చి నొక్కారు. కర్ర పిడి దాకా దిగిపోయింది. పైకి తీస్తే నల్లటి బురద నీళ్లు, కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఆ పచ్చదనం అంతా ఒక్కసారి అటూ ఇటూ మెల్లగా ఊగి, కర్ర దిగిన కన్నాన్ని మూసేసింది. కప్పల చప్పుడు లేదు, దోమ కూడా లేదు. నాకు నిజంగా భయమేసింది.

దాన్ని ఇక్కడివాళ్లు ఎలిగేటర్ వీడ్ అంటారట. దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన కలుపు. పొన్నగంటికి వరసకి అక్కచెల్లెలే, అందుకే ఆకు అలా ఉంటుంది. ఈ దేశంలో దానికి విత్తనం కట్టదు, అక్కర్లేదు కూడా. గోరంత ముక్క, ఓ కణుపు ఉంటే చాలు, నీళ్లలో పడిందంటే వారాల్లో దుప్పటిలా కప్పేస్తుంది. కింద వెలుగుండదు, గాలి ఉండదు, చేప బతకదు. పీకితే తెగి ముక్కలవుతుంది, ఆ ముక్కలు మళ్లీ మొలుస్తాయి.

"ఇది మన పెరళ్లలో ఉన్నంతవరకూ ఏదో ఓ వాన రోజు డ్రెయిన్‌లో పడుతుంది. ఇక్కడ పడినట్టే. ఇక్కణ్ణుంచి క్రీకు, క్రీకు నుంచి నది. నదిలో పడితే ఇంక ఎవరి వల్లా కాదు. సీత ఎంతమందికి ఇచ్చిందో మీకు తెలుసు కదా."

తెలియకేం! కొత్తగా దిగిన ప్రతి తెలుగు ఇంటికీ ఆవిడ బొట్టు పెట్టి, అరటిపండుతో పాటు తడిబట్టలో చుట్టిన పొన్నగంటి కాడలు ఇచ్చేవారు. బాలింతలకి ఆ పప్పే పంపేవారు, కళ్లకి మంచిదని పిల్లలకి ఆ పప్పే పెట్టించేవారు. సొంత పిల్లలు లేని ఆవిడకి ఆ మొక్క పెరిగిన ఇళ్లన్నీ కూతుళ్ల ఇళ్లే. ఆ మొక్క పక్క రాష్ట్రంలోని బ్రిస్బేన్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అనే పేట దాకా వెళ్లింది. అక్కడివాళ్లు దాన్ని పొన్నగంటి అని కూడా అనరు, సీతారావమ్మ కూర అంటారు.

పైగా, కనకరాజు ఒకటి ప్లాన్ చేసి పెట్టాడు. మా వాళ్లలో ఏ ఫంక్షన్ జరిగినా ముందుండే కరీంనగర్ కుర్రాడు. మార్చిలో సీతారావమ్మ గారి సంవత్సరీకానికి వచ్చినవాళ్లందరికీ రిటర్న్ గిఫ్ట్‌గా ఆవిడ కూర మొక్కని చిన్న కుండీల్లో పెట్టి ఇవ్వాలని. వందకు పైగా కుండీలు అప్పటికే వాళ్ల గరాజ్ వెనక చిగుళ్లేస్తున్నాయి.

"హనుమయ్య గారూ," అన్నాను తిరిగి వస్తూ, "మీరిప్పుడు నోరు విప్పితే ఆవిడ పేరు ఏమవుతుంది? నలుగురి నోళ్లలో ఆ మహాతల్లి మంచిగా మిగిలింది. ఊరంతా కలుపు పంచిపెట్టిందని చెప్పుకోవాలా?"

ఆయన కర్ర ఊనుకుంటూ నడిచారు. వాళ్ల గేటు దగ్గర ఆగి, "నేను చచ్చాక ఆ గడ్డికి నా పేరుంటుంది. ఆవిడకి ఇది తప్ప ఏమీ లేదు. నాకు తెలియక కాదు. కానీ నది ఏమవుతుంది, చెప్పండి" అన్నారు.

నా మట్టుకు నాకు నది కంటే సీతారావమ్మ గారే ఎక్కువ. ఆ మాట ఆయన మొహం మీద అనలేకపోయాను.

తర్వాతి ఆదివారం కనకరాజు ఇంట్లో అందరినీ కూడగట్టాం. హాలు నిండింది. సాయిప్రియ ముందు వరసలో కూర్చుంది. విజయవాడ పిల్ల, ఇక్కడే రెండు కాన్పులు. రెండిటికీ అమ్మా వాళ్లకి వీసా రాకపోతే సీతారావమ్మ గారే దగ్గరుండి చేశారు. స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉన్న చెల్లెలికి కనిపించేలా ఫోన్‌ని ఓ చెంబుకి ఆనించి పెట్టింది.

హనుమయ్య గారు మొక్కల వాళ్లు ఎలా చెబుతారో అలాగే మొదలుపెట్టారు. ముందు వేరు. తర్వాత కాండం. తర్వాత ఆకులు ఎదురెదురుగా ఎలా ఉంటాయి, అంచు ఎలా ఉంటుంది. ఆ తర్వాత పువ్వు. అసలు పొన్నగంటి పువ్వు ఆకు పంచన అతుక్కుని ఉంటుంది, దీనికి కాడ ఉంటుంది. మొక్క ఎక్కడ పెరుగుతుంది, ఎలా పాకుతుంది, ఏం చేస్తుంది అన్నది వాళ్ల పద్ధతిలో చిట్టచివర చెబుతారు. యాభై ఏళ్ల అలవాటు, వరస తప్పడం ఆయనకి రాదు. వెనక పిల్లలు ఐప్యాడ్ల కోసం కొట్టుకుంటున్నారు. పువ్వు దగ్గరికి వచ్చేసరికే కనకరాజుకి ఓపిక అయిపోయింది.

"అంకుల్, జర ఆగుర్రి. గిదంత మాకు సమజ్ కాదు గని, ఆంటీ ఇచ్చిన కూర మంచిది కాదంటున్నరా?"

"అది పొన్నగంటి కాదు, కలుపు అంటున్నాను నాయనా. ఉంచుకోవడం నేరం కూడా. కౌన్సిల్‌కి నేను ఫోన్ చేశాను. రేపు మా పెరడు తవ్వుతారు. తర్వాత మీ ఇళ్లకి..."

హాల్లో గోల లేచింది. సాయిప్రియ లేచి నిలబడింది. దాని మొహం ఎర్రగా కందిపోయింది.

"అంకుల్, వీడ్ ఏంటి? ఇన్ని ఇయర్స్ నుంచి అందరం తింటున్నాం. మా పిల్లలిద్దరికీ ఫస్ట్ సాలిడ్ ఫుడ్ అదే. ఆంటీ పోయి ఇయర్ కూడా అవ్వలేదు, మీరే ఇలా మాట్లాడితే ఎలా? కౌన్సిల్ వాళ్లు వచ్చి ఆంటీ మొక్కకి పాయిజన్ కొడతారా? ఐ కాంట్ వాచ్ దట్, అంకుల్."

ఆయన చేతిలోని పువ్వు కింద పెట్టారు. "మీ ఆంటీ తప్పు కాదమ్మా" అన్నారు. "ఆకు చూసి పేరు పెట్టింది నేను. దానికి తెలియదు, పాపం, ప్రేమగా ఇచ్చింది. తప్పు నాది. నా తప్పుని మీ పెరళ్లలో పెంచొద్దు. మీ కాళ్లు పట్టుకుంటాను, తీసేయండి."

అంత పెద్దాయన అంత మాట అనేసరికి హాలు ఒక్కసారిగా చల్లబడింది. సాయిప్రియ ఏడ్చేసింది. వచ్చి ఆయన చేతులు పట్టుకుని, "మీరు అంత మాట అనకండి అంకుల్. మీరు చెప్తే తీసేస్తాం. ఎవ్రీ లాస్ట్ వన్. ప్రామిస్" అంది. ఆడవాళ్లంతా తలలూపారు. ఫోన్‌లోంచి చెల్లెలు కూడా సరే సరే అంది. కనకరాజు కుండీలన్నీ తీసేస్తానన్నాడు. హనుమయ్య గారు కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఇంకేం చెప్పాలి, ఒప్పుకున్నారు కదా అనుకున్నాం అందరం. ఎవరో టీ తెచ్చారు.

మర్నాడు కౌన్సిల్ వాళ్లు వచ్చి మడి తవ్వారు. ఆకు తీసి ఊరుకోలేదు. నడుం లోతు గొయ్యి తీసి, మట్టితో సహా రెండేసి సంచుల్లో కట్టి, మూతులు బిగించి తీసుకుపోయారు. మిగిలిన ఇళ్లకి మార్చిలో వస్తామన్నారు. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకపోతే మంచిదన్నారు. ఆ మాట హనుమయ్య గారు అందరికీ మెసేజ్ పెట్టేలోపే సాయిప్రియ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, అందరూ తీసేశారు, ఎవరింట్లోనూ ఒక్క కాడ కూడా లేదు, ఇంక కౌన్సిల్ వాళ్ల అవసరం లేదు అని. కింద వరసగా నమస్కారాలు.

ఆయన ఆ మెసేజ్ నాకు రెండుసార్లు చదివి వినిపించారు. "చూశారా, సీత పిల్లలు" అన్నారు. ఆ నెల రోజులూ ఆయన నిద్రపోయారని నాకు తెలుసు, ఎందుకంటే వాకింగ్‌కి లేటుగా వచ్చేవారు. కుంట వైపు మాత్రం మేమిద్దరం వెళ్లలేదు. కౌన్సిల్ వాళ్లు దానికి కంచె కట్టి ఏదో మందు కొడుతున్నారు. ఒడ్డున ఎండి గోధుమరంగు అయింది గానీ, మధ్యలో పచ్చగానే ఉందని మా అమ్మాయి చెప్పింది.

మార్చిలో సంవత్సరీకం జరిగింది. హెలెన్స్‌బర్గ్ గుడి నుంచి పంతులు గారు వచ్చి చేయించారు. ఆవిడ పెంచుకున్న జనం అంతా వచ్చారు. రిటర్న్ గిఫ్టులుగా కనకరాజు ఈసారి స్టీలు డబ్బాలు తెచ్చాడు. భోజనాలయ్యాక పెరట్లో తవ్వి పూడ్చిన చోట కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. హనుమయ్య గారి మొహం తేటగా ఉంది.

"అమ్మా సాయిప్రియా, తీసేసినవన్నీ సంచుల్లో కట్టి ఉంచారా? వచ్చే వారం కౌన్సిల్ వాళ్లు వస్తారు, ఇచ్చేద్దాం" అన్నారు.

"సంచులేంటి అంకుల్?" అంది సాయిప్రియ. "ఆంటీ బొట్టు పెట్టి ఇచ్చిన మొక్కని గార్బేజ్‌లో ఎలా పడేస్తాం అనుకున్నారు? ఇంట్లో పూజ చేసిన పత్రి ఎప్పుడైనా బిన్‌లో వేస్తామా? ఎవరికీ చేతులు రాలేదు. అందుకే అందరం కలిసి..."

మాట పూర్తి చెయ్యకుండా ఫోన్ తీసి వీడియో పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయనకి సరిగా కనబడదని నేను కూడా వంగి చూశాను.

నెపియన్ నది. తెల్లవారుజాము మసక ఇంకా విడవలేదు. మన ఆడవాళ్లు పట్టుచీరల్లో చీలమండల లోతు నీళ్లలో వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరి చేతుల్లో వేర్లతో సహా పీకిన పొన్నగంటి కట్ట, దాని మీద పసుపు, కుంకుమ. ఒకావిడ హారతి ఇస్తోంది. "జల్ది కానియ్యుర్రి, ఎవరన్న జూస్తే ఫైన్ ఏస్తరు" అని వెనక నుంచి కనకరాజు గొంతు. కుండీలు కూడా తెచ్చి బోర్లించినట్టున్నాడు. ఒకరి తర్వాత ఒకరు కళ్లకి అద్దుకుని కట్టలు నీళ్లలోకి వదిలారు.

"మా చెల్లి వాళ్లు కూడా సేమ్ టైమ్‌కి స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లేక్‌లో వదిలారు అంకుల్. వీడియో కాల్ చేసుకుని, అందరం ఒకేసారి."

హనుమయ్య గారి వైపు చూడలేక పోయాను. ఆయన ఫోన్‌ని సాయిప్రియకి జాగ్రత్తగా తిరిగి ఇచ్చారు.

"ఒక్క కట్టయినా మునిగిందా తల్లీ?" అన్నారు.

ఆయన ఏ శకునం గురించో అడుగుతున్నారనుకుందో ఏమో, దాని కళ్లు నీళ్లతో మెరిశాయి. కొంగుతో తుడుచుకుని, ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుని, ఆయన్ని ఓదారుస్తున్నట్టు ఎంతో ప్రేమగా చెప్పింది.

"లేదంకుల్, ఒక్కటి కూడా మునగలేదు. కనుచూపు మేర అలా తేలుతూనే వెళ్లాయి. ఆంటీ అన్నీ తీసుకుందనుకున్నాం."